సోర్స్ కంటైనర్‌కు షీల్డింగ్ తలుపు: లెక్క నుంచి పరీక్ష దాకా

కడప జిల్లాలో రేడియేషన్ అనగానే అందరికీ తుమ్మలపల్లె యురేనియం గని గుర్తొస్తుంది. కానీ రేడియోధార్మిక పదార్థం మన చుట్టుపక్కల ఇంకా చాలా పనుల్లో వాడుకలో ఉంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో ప్రీహీటర్ సైక్లోన్ పూడుకుపోయిందేమో చూసే గామా గేజ్‌లో సీసియం-137 ఉంటుంది. బాయిలర్ ట్యూబుల వెల్డింగ్‌ను ఫిల్మ్ మీద పరీక్షించే రేడియోగ్రఫీ కెమెరాలో ఇరిడియం-192 ఉంటుంది. రోడ్డు పనుల్లో మట్టి బిగువు, తేమ కొలిచే గేజ్‌లలో సీసియంతో పాటు అమెరీషియం-బెరీలియం కూడా ఉంటుంది. ఫ్యాక్టరీ షట్‌డౌన్ అయినప్పుడో, సైట్‌లో పని లేనప్పుడో వీటన్నిటినీ భద్రంగా పెట్టడానికి ఒక చోటు కావాలి. చాలా సైట్లలో ఆ చోటు ఒక 20 అడుగుల కంటైనర్. దానిలో పెట్టే, రేడియేషన్‌ను అడ్డుకునే షీల్డింగ్ తలుపును ఎలా డిజైన్ చేయాలో, ఎలా తయారు చేయించాలో, ఎలా పరీక్షించాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. సీసం ఎంత మందం పెట్టాలన్నది పది నిమిషాల్లో తేలే లెక్క. తలుపు ఫెయిలయ్యేది అక్కడ కాదు. చట్రానికీ తలుపుకీ మధ్య ఉన్న సందు దగ్గర, బందుల దగ్గర, కంటైనర్ కింద ఉన్న నేల దగ్గర ఫెయిలవుతుంది. అందుకే ఈ వ్యాసంలో మందానికి తక్కువ చోటు, సందుకు ఎక్కువ చోటు ఇచ్చాను.

చట్టం సంగతి కూడా మొదట్లోనే. మన దేశంలో సోర్స్‌ను, అంటే గేజ్‌లో, కెమెరాలో ఉండే రేడియోధార్మిక పదార్థాన్ని, కొనడం, దాచడం, తరలించడం అన్నీ అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ అనుమతితోనే జరగాలి. 2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాలు ఇందుకు ఆధారం. మీ సంస్థకు రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, అంటే ఆర్‌ఎస్‌ఓ ఉండాలి. కింద చెప్పే లెక్కలు ఆయనతో కూర్చుని చేయాల్సినవి. ఆయన సంతకం, పై నుంచి అనుమతి వచ్చేదాకా షాపులో ప్లేటు కోయించకండి.

మొదటి పని: లోపల ఏం పెడతారో రాసుకోవడం

సోర్స్ పేరు, దాని యాక్టివిటీ (అంటే దాని రేడియోధార్మికత ఎంత, బెక్వెరెల్ లెక్కలో), ఎన్ని ఉంటాయి, రాబోయే ఐదేళ్లలో ఇంకేమైనా చేరతాయా అన్నది ఒక కాగితం మీద పెట్టండి. ఇరిడియం సగం ఆయువు 74 రోజులు, కోబాల్ట్-60ది 5.27 ఏళ్లు, సీసియం-137ది దాదాపు 30 ఏళ్లు. ఇరిడియం ఈ రోజు తగ్గిపోయి ఉంది కదా అని ఆ అంకెతో తలుపు గీస్తే, వచ్చే నెల కొత్త సోర్స్ వచ్చినప్పుడు తలుపు సరిపోదు. లైసెన్సులో గరిష్ఠంగా ఎంత ఉందో అదే లెక్కకు తీసుకోవాలి.

గేజ్‌కి దాని సొంత సీసపు డబ్బా ఉంటుంది, షట్టర్ మూసేస్తే బయటికి వచ్చేది చాలా తక్కువ. అయినా నేను సోర్స్ ఒట్టిగా, ఏ డబ్బా లేకుండా ఉన్నట్టే లెక్క వేస్తాను. సిమెంటు దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసిన షట్టర్ తెరిచినచోటే బిగుసుకుపోవచ్చు. అలాంటి గేజ్‌ని విప్పి దాచాల్సిన రోజే ఈ తలుపు అవసరం అన్నిటికంటే ఎక్కువ.

సీసం అన్నిటికీ మందు కాదు. అమెరీషియం-బెరీలియం నుంచి న్యూట్రాన్లు వస్తాయి, వాటికి సీసం దాదాపు అడ్డే కాదు. వాటిని ఆపేది హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న పదార్థం: పాలిథిన్ దిమ్మెలు, పారాఫిన్ మైనం, నీళ్లు. అలాంటి గేజ్ ఉంటే తలుపు లోపలి వైపు పాలిథిన్ పొర, బయటి వైపు సీసం రావాలి. ఇక యురేనియం ధాతువు, దాని గాఢత ఉత్పత్తుల విషయంలో పెద్ద బాధ దుమ్ముతో, రాడాన్ వాయువుతో. అక్కడ కావాల్సింది గాలి ఆడటం, దుమ్ము బయటికి రాకుండా మూత పెట్టడం. మందపాటి సీసం తలుపు వల్ల అక్కడ ఒరిగేది తక్కువ.

రెండో పని: మందం లెక్క

ఉదాహరణకి, అన్ని గేజ్‌లూ కలిపి 3.7 గిగాబెక్వెరెల్ సీసియం-137 అనుకుందాం. పాత లెక్కలో ఇది 100 మిల్లీక్యూరీ. ఒక గిగాబెక్వెరెల్ సీసియం, ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 0.09 మిల్లీసీవర్ట్ ఇస్తుంది (సీవర్ట్ అంటే ఒంటికి సోకే రేడియేషన్ కొలత). అంటే మనకు ఒక మీటరు దగ్గర గంటకు 333 మైక్రోసీవర్ట్. దూరం రెట్టింపైతే ఇది నాలుగో వంతుకు పడిపోతుంది, దూరం సగమైతే నాలుగు రెట్లవుతుంది.

బయట ఎంత ఉండవచ్చు? సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి. ఏడాదికి 2000 గంటలు కంటైనర్ పక్కనే ఎవరో నిలబడ్డారనుకుంటే గంటకు 0.5 మైక్రోసీవర్ట్ వస్తుంది. రేడియేషన్ పనివాళ్లకు ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. కానీ కంటైనర్ పక్కన నడిచేది వాచ్‌మన్, లారీ డ్రైవరు, పక్క షెడ్డులో టీ కాచే అమ్మ. వాళ్లకోసం 0.5నే లక్ష్యంగా పెట్టుకోవాలి. ఇది సహజంగా ఉండే రేడియేషన్‌కు పైన అదనంగా వచ్చేది అని గుర్తుంచుకోండి.

333ని 0.5తో భాగిస్తే 666. రేడియేషన్‌ను పదో వంతుకు తగ్గించే మందాన్ని పదోవంతు మందం అందాం. 666 రెట్లు తగ్గించాలంటే 2.82 పదోవంతు మందాలు కావాలి. సీసియానికి పదోవంతు మందం సీసంలో 21 మి.మీ., ఉక్కులో 53 మి.మీ., మామూలు కాంక్రీటులో 157 మి.మీ. కాబట్టి సీసమైతే 59, ఉక్కైతే 150, కాంక్రీటైతే 443 మి.మీ. కావాలి. ఇరిడియమైతే పదోవంతు మందాలు వరసగా 20, 43, 147. కోబాల్టైతే 40, 69, 206. కోబాల్ట్ గామా కిరణాలు 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తివి, సీసియంవాటి కంటే బలమైనవి కాబట్టి అది దాదాపు రెట్టింపు సీసం అడుగుతుంది.

దీనికి పైన భద్రత కోసం ఒక సగంమందం, అంటే రేడియేషన్‌ను ఇంకో సగానికి తగ్గించే మందం కలపడం మంచి అలవాటు. సీసియానికి ఉక్కులో ఆ సగంమందం 16 మి.మీ. సీసాన్ని ఎలాగూ రెండు ఉక్కు ప్లేట్ల మధ్య పెట్టాలి. బయట 10, లోపల 6 మి.మీ. ప్లేటు వేస్తే ఆ అదనపు భద్రత వాటితోనే వచ్చేస్తుంది. కాబట్టి మన తలుపు: 60 మి.మీ. సీసం, రెండు వైపులా కలిపి 16 మి.మీ. ఉక్కు.

సీసం వద్దు, మొత్తం ఉక్కే పెడదాం అనుకునేవాళ్లు కూడా ఉంటారు, అదీ సరైన ఆలోచనే. ఉక్కు సాగదు, విషం కాదు, దొంగలకు అంత ఆశ పుట్టించదు. బరువు మాత్రం సీసియానికి, ఇరిడియానికి బాగా పెరుగుతుంది. కోబాల్టుకైతే ఉక్కు తలుపు సీసం తలుపు కంటే దాదాపు ఐదో వంతే ఎక్కువ బరువు. కోబాల్ట్ ఒక్కటే దాచేటట్టయితే నేను ఉక్కు వైపే మొగ్గుతాను.

కంటైనర్ తలుపుకి సీసం తాపడం చేయించకండి

ఈ కోరికతో వచ్చేవాళ్లే ఎక్కువ. కంటైనర్ ద్వారం 2.3 మీటర్ల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు. అంత వైశాల్యానికి 60 మి.మీ. సీసం అంటే మూడున్నర టన్నులు, దాన్ని ఆ పల్చటి బందులు మోయలేవు. మోసినా లాభం లేదు. కంటైనర్ గోడ 2 మి.మీ. రేకు, సీసియం దానిలోంచి దాదాపు పూర్తిగా దాటిపోతుంది. తలుపు మాత్రమే బలంగా ఉండి గోడ బోలుగా ఉంటే రేడియేషన్ గోడలోంచి వస్తుంది.

షీల్డింగ్ ఎప్పుడూ సోర్స్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ సామానుతో పని అవుతుంది. కాబట్టి కంటైనర్ లోపల, నాలుగు గోడలకూ మధ్యలో ఒక చిన్న గూడు కట్టి, దానికి షీల్డింగ్ తలుపు పెట్టాలి. కంటైనర్ సొంత తలుపు తాళానికి, ఎండావానలకు అడ్డుగా మాత్రమే. గూడు మధ్యలో ఉంటే సోర్స్ నుంచి కంటైనర్ పక్క గోడకు సుమారు ఒక మీటరు దూరం దానంతటదే దొరుకుతుంది. మన లెక్క ఆ మీటరుకే వేశాం.

గూడు లోపలి కొలత 480 మి.మీ. పొడవు, వెడల్పు, ఎత్తు పెట్టుకుందాం. గోడల విషయంలో రాయలసీమవాళ్లకి ఒక అదృష్టం ఉంది. పాత కడప జిల్లా మంగంపేటలో ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపాల్లో ఒకటి ఉంది, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ దాన్ని తవ్వుతోంది. అందులో చాలా భాగం పొడి చేసి చమురు బావుల తవ్వకానికి పంపిస్తారు. అదే రాయిని కంకరగా వాడితే కాంక్రీటు సాంద్రత 2.35 నుంచి 3.4 దాకా పెరుగుతుంది. మామూలు కాంక్రీటుతో 443 మి.మీ. కావాల్సిన చోట ముగ్గురాయి కాంక్రీటుతో సుమారు 306 సరిపోతుంది. భద్రతకు ఒక సగంమందం కలిపి 340 మి.మీ. పెట్టండి.

ముగ్గురాయి మెత్తన. మిక్సర్‌లో ఎక్కువసేపు తిప్పితే కంకర నలిగి పొడవుతుంది. నీళ్లు ఎక్కువైనా, వైబ్రేటర్ ఎక్కువసేపు పెట్టినా బరువైన రాయి అడుక్కి దిగిపోయి పైన ఒట్టి సిమెంటు పాలు తేలుతాయి. అప్పుడు గోడ పై భాగం తేలిక కాంక్రీటు అవుతుంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు. అందుకే పోసిన ప్రతి దఫా నుంచి 150 మి.మీ. క్యూబు తీసి త్రాసు మీద పెట్టండి. మామూలు కాంక్రీటు క్యూబు 7.9 కిలోలు తూగుతుంది. సాంద్రత 3.4 ఉన్న క్యూబు 11.5 కిలోలు తూగాలి. 11 కిలోల దగ్గర ఆగిపోతే ఆ దఫా సాంద్రత 3.26 అన్నమాట, దాన్ని ఆర్‌ఎస్‌ఓకి చెప్పి గోడ మందం మళ్లీ లెక్క వేయించాలి.

తలుపు కాకుండా ఈ గూడు సుమారు 4.7 టన్నులు. కంటైనర్ మోయగలిగే బరువులో ఇది చిన్న భాగమే, కానీ ఇదంతా చదరపు మీటరుకు మూడున్నర టన్నుల లెక్కన ఒక్కచోట పడుతుంది. ప్లైవుడ్ ఫ్లోరు మీద నేరుగా పెట్టకండి. కంటైనర్ అడ్డ దూలాల మీద బరువు పరుచుకునేలా కింద ఛానెళ్లు వేసి, రెండు పక్కల అడుగు దూలాల దాకా తీసుకెళ్లండి. ఖాళీ కంటైనర్ తెచ్చి స్థానంలో నిలిపాకే లోపల కాంక్రీటు పోయించాలి. గూడు కట్టిన కంటైనర్‌ని హైడ్రా క్రేన్‌తో ఎత్తి చోటు మార్చాలంటే కాంక్రీటు పగుళ్లు మళ్లీ చూసుకోవాల్సిందే.

సందు

రేడియేషన్ వాసనలాగా ఒంపులు తిరిగి రాదు. ఎక్కువ భాగం తిన్నగా వస్తుంది. సోర్స్ నుంచి చూస్తే బయటి మనిషి దాకా అడ్డు లేని గీత ఒక్కటి దొరికినా, తలుపులో 60 మి.మీ. సీసం ఉన్నా ఆ గీత వెంట లేనట్టే. కొంత రేడియేషన్ గోడలకు తగిలి చెదిరి, బలం తగ్గి, మూల తిరిగి కూడా వస్తుంది. మొదటిదాన్ని అడ్డుకోవడానికి గీతలు గీసి చూడాలి. రెండోదానికి సందు పొడుగ్గా, సన్నగా ఉండాలి.

ఎర్రగుంట్ల దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ఇలాంటి తలుపు చట్రం సరిచేస్తుంటే వెల్డర్ అడిగాడు, "అన్నా, ఆరు మిల్లీల సందు ఏం చేస్తాది? దాంట్లో వేలు కూడా పట్టదు." నేను చెప్పాను, "వేలు పట్టకపోతే ఏమప్పా, దాని వెనకాల నేరుగా సోర్స్ ఉంటే అది ఆరు మిల్లీల కిటికీనే." అతను వెంటనే తూకపు గుండు తాడు తెచ్చి గూడు మధ్య నుంచి చట్రం అంచు దాకా లాగి పట్టుకున్నాడు. డ్రాయింగ్ మీద మనం చేయాల్సింది కూడా సరిగ్గా అదే.

వాడుకలో ఉన్న నియమం ఒకటుంది. తలుపు గోడ మీదికి ఎంత ఎక్కి కూర్చుంటుందో ఆ ఎక్కుడు, సందుకు కనీసం పది రెట్లు ఉండాలి. దీనికి నేను ఇంకొకటి కలుపుతాను: ఆ ఎక్కుడు తలుపులోని సీసం మందం కంటే కూడా తగ్గకూడదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. మన తలుపుకు సందు 6 మి.మీ. అనుకుంటే పది రెట్లు 60, సీసం మందమూ 60. ద్వారం 480 మి.మీ. కాబట్టి తలుపు 600 మి.మీ. చదరం.

ఇప్పుడు కష్టమైన గీత గీయండి. సోర్స్ గూడు మధ్యలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది లోపల ముందు వరసలో, ఎడమ మూలన ఉందనుకోండి. అక్కడి నుంచి ద్వారపు కుడి అంచును రాసుకుంటూ బయటికి ఒక వాలు గీత. అది 340 మి.మీ. గోడ మందం దాటేలోపు 480 మి.మీ. పక్కకి జరుగుతుంది. సందులో ఎనిమిదిన్నర మి.మీ. పక్కకి జారి, తలుపులోకి దూరి, తలుపు అంచులోంచి బయటికి వస్తుంది. లోపలి ఉక్కు ప్లేటును పక్కన పెడితే, ఆ దారిలో అది సీసంలో ప్రయాణించేది సుమారు 63 మి.మీ. అంటే సరిపోయింది. అదే ఎక్కుడు 30 మి.మీ. మాత్రమే ఇచ్చి ఉంటే ఆ గీత సీసంలో 26 మి.మీ. మాత్రమే నడిచి బయటపడేది. ముందు నుంచి రేడియేషన్ కొలిచే మీటరు పెడితే ఇది దొరకదు, తలుపు పక్కన ఓరగా పెడితేనే దొరుకుతుంది. పైన, కింద, రెండు పక్కల, నాలుగు అంచులకూ ఈ గీత గీయాలి.

గడప దగ్గర అందరూ సర్దుకుపోతారు. సామాను ఈడ్చుకుంటూ లోపలికి పెట్టడానికి వీలుగా ఉండాలని ద్వారపు అడుగును తలుపు అడుగుతో సమం చేస్తారు, దాంతో కింద ఎక్కుడు పోతుంది. ఒప్పుకోకండి. గూడును నేల నుంచి ఎత్తులో కట్టి తలుపు కింది అంచు కూడా 60 మి.మీ. కిందికి దిగేలా చూడండి. గేజ్‌లు బరువైనవైతే లోపల రోలర్ అర పెట్టవచ్చు.

తలుపులోంచి అటూ ఇటూ దూరే రంధ్రం ఒక్కటీ ఉండకూడదు. హ్యాండిల్ బోల్టు, తాళం కన్నం, వైరు కన్నం, గాలి కన్నం, అన్నీ ఇందులోకే వస్తాయి. హ్యాండిల్, గొళ్లెం బయటి ప్లేటుకే వెల్డ్ చేయండి. అలారం వైరు కావాలంటే గోడలోంచి రెండు మలుపులు తిప్పి తీయాలి, ఆ మలుపుల్లో ఎక్కడా తిన్నని చూపు దొరకకూడదు.

సీసం కూర్పు

సీసాన్ని షాపులో కరగబోసి తలుపు నింపించే పద్ధతి మనవైపు ఇంకా ఉంది. నేను దాన్ని వద్దంటాను. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి సులువనిపిస్తుంది. కానీ గట్టిపడేటప్పుడు కుంచించుకుని లోపల బోలు గదులు పెడుతుంది, ప్లేటును వదిలేసి పక్కకి జరుగుతుంది. ఆ పొగ పీల్చినవాళ్ల ఒంట్లో సీసం చేరుతుంది, షాపు వెనకే ఇల్లున్న వాళ్ల పిల్లలకూ చేరుతుంది. చుట్టిన ప్లేట్లు కొనండి.

60 మి.మీ. కోసం 20 మి.మీ. ప్లేట్లు మూడు పొరలు పెట్టండి. 600 మి.మీ. చదరపు పొర ఒకటి దాదాపు 82 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు సరిగా ఎత్తలేరు. ఒక్కో పొరను రెండు ముక్కలు చేస్తే ముక్క సగటున 41 కిలోలవుతుంది. మొదటి పొరలో అతుకు నిలువుగా రానివ్వండి, రెండో పొరలో అడ్డంగా, మూడో పొరలో మళ్లీ నిలువే కానీ మొదటిదానికి 100 మి.మీ. పక్కగా. ఒక పొర అతుకు పొడవునా ఇంకో పొర అతుకు పడకూడదు.

సీసం తన బరువుకు తానే జారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కిందికి కుంగి తలుపు పైభాగంలో ఖాళీ వదిలేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి లోపలి ప్లేటు మీద స్టడ్లు వెల్డ్ చేసి, సీసానికి కన్నాలు వేసి వాటికి తగిలించాలి. ఆ స్టడ్లు సీసం మొత్తం దాటి బయటి ప్లేటు దాకా రాకూడదు. రెండో పొరలోనే ఆగిపోవాలి, మూడో పొర వాటిని కప్పేయాలి. ఎండ సంగతి కూడా చూడండి. సీసం ఉక్కు కంటే రెండు రెట్ల పైనే వ్యాకోచిస్తుంది. శీతాకాలం తెల్లవారుజాము నుంచి మే నెల మధ్యాహ్నం దాకా కంటైనర్ లోపల 40 డిగ్రీల తేడా వస్తే, 600 మి.మీ. పొడవుకు ఆ రెండింటి మధ్య 0.4 మి.మీ. తేడా వస్తుంది. పై అంచున ఒక మి.మీ. వదిలితే చాలు. అసలు వదలకపోతే ప్లేటు ఉబ్బుతుంది.

మూత ప్లేటు వెల్డింగ్ కాస్త ఓపికగా చేయించాలి. ఒక్కసారిగా చుట్టూ వెల్డింగ్ లాగేస్తే అంచులో సీసం కరిగి కిందికి కారుతుంది. 25 మి.మీ. చొప్పున, ఎదురెదురు వైపుల మార్చుకుంటూ, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక ఇంకో ముక్క. వెల్డర్‌కి ఇది విసుగు, పక్కన నిలబడి చేయించుకోండి. సీసం ఎక్కడా బయటికి కనబడకూడదు. చేతికి అంటకుండా ఉండటానికి, అంతకంటే ముఖ్యంగా దొంగల కంట పడకుండా ఉండటానికి. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ బజారుకు కోబాల్ట్-60 ఉన్న పాత యంత్రం చేరినప్పుడు దాన్ని విప్పినవాళ్లకి అదేమిటో తెలియదు. ఒక కార్మికుడు చనిపోయాడు, ఇంకొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. లోహం ధర కోసం వచ్చినవాడు సోర్స్ దాకా చేరకూడదు.

బందులు, తాళాలు

తలుపు బరువు లెక్క: సీసం 245 కిలోలు, రెండు ప్లేట్లు 45, అంచు పట్టీలు 11. మొత్తం 300 కిలోలు. బరువు కేంద్రం బందు నుంచి 340 మి.మీ. దూరంలో ఉంటుంది. రెండు బందుల మధ్య 400 మి.మీ. ఎడం ఉంటే పై బందును ఆ తలుపు దాదాపు రెండున్నర క్వింటాళ్ల బలంతో బయటికి లాగుతూ ఉంటుంది, రాత్రీ పగలూ. పై బందు యాంకర్లను ఈ లాగుడుకు ఐదు రెట్లు తట్టుకునేలా, కాంక్రీటు పోసేటప్పుడే లోపల కట్టాలి. తర్వాత డ్రిల్ చేసి పెట్టిన యాంకర్ బోల్టులను ముగ్గురాయి కాంక్రీటులో నేను నమ్మను. నిలువు బరువంతా కింది బందు మీద పడుతుంది, దానికి థ్రస్ట్ బేరింగ్ వేయండి. రెండు బందులకూ షిమ్ములు, అంటే సన్నటి రేకులు, పెట్టి సర్దే ఏర్పాటు ఉండాలి, లేకపోతే ఏడాదికి తలుపు కొస కిందికి వాలి సందు ఒక పక్క పెరుగుతుంది.

తలుపు ఎటు తెరుచుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. కంటైనర్ ద్వారం నుంచి నడిచి వచ్చే మనిషి హ్యాండిల్ లాగినప్పుడు తలుపు రెక్క అతనికీ గూడుకీ మధ్య రావాలి. అంటే అతను బందు వైపు నిలబడి లాగగలగాలి. తెరిచిన మొదటి క్షణాల్లో మీటరు ఎత్తి చూసుకునేదాకా 60 మి.మీ. సీసం అతని ముందే ఉంటుంది.

తాళాలు రెండు, తాళంచెవులు ఇద్దరి దగ్గర: ఒకటి ఆర్‌ఎస్‌ఓ దగ్గర, ఇంకోటి స్టోర్ ఇన్‌ఛార్జి దగ్గర. కంటైనర్ బయటి తలుపుకు మాత్రం లోపలి నుంచి తెరిచే ఏర్పాటు తప్పనిసరి. లోపల మనిషి ఉండగా బయట గడియ పడితే మన ఎండలకు ఆ రేకు డబ్బాలో గంటసేపు కూడా ఉండలేరు. పసుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, దాని కింద తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో హెచ్చరిక, ఆర్‌ఎస్‌ఓ ఫోన్ నంబరు రాయించండి. సైట్ల మీద బీహార్, ఒడిశా కార్మికులు చాలామంది ఉంటారు, తెలుగు ఒక్కటే సరిపోదు. డీజిల్ డ్రమ్ములు, గ్యాస్ సిలిండర్లు దగ్గర్లో ఉండకూడదు. మంటకు సీసం కరిగితే తలుపు ఒట్టి డబ్బా.

నేల

కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బి, ఎండకు అరచెయ్యి పట్టేంత పగుళ్లిచ్చే నేల మీద కంటైనర్‌ను నాలుగు ఇటుక దిమ్మెల మీద నిలిపితే ఒక కార్తెకి మట్టం పోతుంది. కంటైనర్ రెండు డిగ్రీలు వాలిందంటే 300 కిలోల తలుపు దానంతటదే పది కిలోల బలంతో ఊగడం మొదలుపెడుతుంది. వేళ్లు ఆ మధ్యలో ఉంటే నలిగిపోతాయి. చట్రం మెలిపడితే 6 మి.మీ. సందు ఒక మూల 2, ఇంకో మూల 10 అవుతుంది. అప్పుడు పది రెట్ల నియమం ఆ మూలలో తప్పినట్టే.

రేగడి మట్టి తీసేసి, గట్టి పొర దాకా దిగి, మొరం నింపి కొట్టించి, దాని మీద కాంక్రీటు దిమ్మె పోయించండి. నాలుగు మూలల కింద షిమ్ ప్లేట్లు పెట్టి రసమట్టంతో సరిచేయండి. తలుపు ఏ కోణంలో వదిలినా అక్కడే నిలవాలి, నిలిచేలా ఒక క్యాచ్ కూడా పెట్టండి.

పరీక్ష

సోర్స్ రాకముందే ఒక పని చేయాలి. ఖాళీ కంటైనర్ చుట్టూ సర్వే మీటరుతో సహజ రేడియేషన్ కొలిచి రాసుకోండి. మన గ్రానైట్ నేలల్లో అది ఒకచోటికీ ఇంకోచోటికీ మారుతుంది. ఇది రాసుకోకపోతే రేపు మీటరులో కనిపించే అంకెలో నేల వాటా ఎంత, సోర్స్ వాటా ఎంత అన్నది ఎవరూ తేల్చలేరు.

తర్వాత ఆర్‌ఎస్‌ఓ సమక్షంలో, అనుమతి ఉన్నవాళ్ల చేతుల మీదుగా సోర్స్ లోపల పెట్టి తలుపు మూయండి. తలుపు ముఖం మీద 100 మి.మీ. గళ్లు గీసి ఒక్కో గడిలో మీటరు ఆనించి అంకె రాయండి. మన లెక్క ప్రకారం, సోర్స్ గూడు మధ్యలో ఉంటే, తలుపు ముఖం దగ్గర గంటకు 1 మైక్రోసీవర్ట్ లోపే రావాలి, కంటైనర్ బయట 0.25 చుట్టుపక్కల. పొరల్లో ఎక్కడైనా అతుకులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే ఆ గడి తేడా చూపిస్తుంది.

అంచుల వెంట మాత్రం 100 మి.మీ. గళ్లు చాలవు. 50 మి.మీ.కి ఒకసారి, మీటరును చాలా నిదానంగా, ముందు నుంచి ఒకసారి, ఓరగా ఒకసారి జరపాలి. ఇక్కడ చాలామంది మోసపోతారు. మీటరు డిటెక్టర్ 50 మి.మీ. వెడల్పు ఉండి, సందులోంచి వచ్చే కిరణం 5 మి.మీ. వెడల్పే ఉంటే, మీటరు ఆ కిరణాన్ని తన వెడల్పు మొత్తం మీద పరిచి పదో వంతే చూపిస్తుంది. తెర మీద 3 కనిపిస్తే సందు దగ్గర నిజంగా ఉన్నది 30 కావచ్చు. అందుకే అంచున అంకె పెద్దదా చిన్నదా అని చూడటం కంటే, పక్క గడి కంటే పెరిగిందా అని చూడండి. పెరిగిన ప్రతిచోటా తలుపు తీయించి కారణం వెతకాలి. మీటరు కాలిబ్రేషన్ గడువు దాటి ఉంటే ఈ కొలతలేవీ ఎవరికీ చూపించలేరు.

ఫీలర్ గేజ్‌తో తలుపు చుట్టూ ఎనిమిది చోట్ల సందు కొలిచి, ఆ అంకెలను తలుపు లోపలి ముఖం మీదే పెయింటుతో రాయండి. రిజిస్టర్ పోవచ్చు, తలుపు పోదు. మొదటి వానాకాలం అయ్యాక ఒకసారి, మొదటి మే నెల అయ్యాక ఒకసారి అవే ఎనిమిది చోట్ల మళ్లీ కొలవండి. ఏ ఒక్కచోటైనా 6 మి.మీ. దాటితే షిమ్ము సర్ది, అంచు పరీక్ష మొదటి నుంచి చేసి, ఆ కాగితం ఆర్‌ఎస్‌ఓకి ఇచ్చాకే గేజ్‌లు మళ్లీ లోపలికి వెళ్లాలి.